షేక్ వెల్ అని ఎందుకు రాస్తారు?

పిల్లల జ్వరం మందు సీసా మీద "షేక్ వెల్ బిఫోర్ యూజ్" అని ఉండటం మనందరం చూసిందే. అర్ధరాత్రి బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే ఆ మాట గుర్తుకు రాకపోవచ్చు. కానీ బిడ్డకు సరైన మోతాదు అందాలంటే ఆ ఒక్క పనీ మరచిపోకూడదు. ఎందుకో చూద్దాం.

శ్రీరామనవమి పానకాన్నే తీసుకోండి. బెల్లం నీళ్లలో పూర్తిగా కరుగుతుంది కాబట్టి తీపి బిందె అంతటా ఒకటే. మిరియాల పొడి కరగదు, కాసేపటికి అడుక్కి చేరుతుంది. అందుకే పోసేవారు ప్రతిసారీ గరిటెతో కలిపి పోస్తారు. లేకపోతే ముందువాళ్లకు తీపినీళ్లు, చివరివాళ్లకు ఘాటు! బెల్లంలా కరిగిపోయిన మందును సొల్యూషన్ అంటారు. మిరియాల పొడిలా కరగకుండా ద్రవంలో చెదిరి ఉండే మందు సస్పెన్షన్.

మరి మందును కరిగించేయొచ్చు కదా? కొన్ని మందులు నీళ్లలో సరిగా కరగవు. పారాసిటమాల్ వంటివి కరిగితే మరీ చేదు. అమాక్సిసిలిన్ నీళ్లలో ఉంటే క్రమంగా బలం కోల్పోతుంది. అందుకే అది పొడిగా వస్తుంది, ఇచ్చే ముందు ఫార్మసీలో నీళ్లు కలుపుతారు.

రేణువులు ఎంత వేగంగా దిగుతాయో 19వ శతాబ్దంలో జార్జ్ స్టోక్స్ సూత్రం చెప్పింది. రేణువు సైజు సగమైతే దిగే వేగం నాలుగో వంతవుతుంది. ద్రవం చిక్కబడితే వేగం ఇంకా తగ్గుతుంది. అందుకే తయారీదారులు మందును మెత్తగా పొడి చేస్తారు, చిక్కదనానికి జాంథన్ గమ్ వంటి జిగురు కలుపుతారు. పొడి ఉండలు కట్టకుండా తడవడానికి పాలీసార్బేట్ వంటివి వేస్తారు.

ఇక్కడో చిక్కుంది. విడివిడిగా, నెమ్మదిగా దిగిన సన్నని రేణువులు అడుగున ఒత్తుగా పేరుకుని గట్టి ముద్ద కడతాయి. తర్వాత ఎంత కుదిపినా కలవవు. అందుకే చాలా సస్పెన్షన్లలో రేణువులు దూదిపింజల్లా వదులుగా గుంపులు కట్టేలా చేస్తారు. అవి త్వరగానే దిగుతాయి, కానీ కుదిపితే ఇట్టే కలిసిపోతాయి. అంటే మనం కుదుపుతామన్న నమ్మకంతోనే ఆ మందు తయారవుతుంది. కుదపకపోతే మొదటి డోసుల్లో మందు తక్కువై జ్వరం తగ్గకపోవచ్చు, చివరి డోసుల్లో ఎక్కువై ప్రమాదం కావచ్చు.

గుర్తుంచుకోవలసినవి:

• అడుగున మందు దిగితే పాడైనట్టు కాదు. కుదిపాక కూడా ముద్ద కరగకుండా ఉంటే వాడొద్దు.

• ప్రతి డోసుకూ ముందు బాగా కుదిపి, వెంటనే కొలవండి. వంటింటి చెంచా వద్దు, మందుతో ఇచ్చే సిరంజి వాడండి.

• ఫ్రీజర్లో పెట్టొద్దు. గడ్డకట్టిన సస్పెన్షన్ మళ్లీ సరిగా కలవకపోవచ్చు.

• నీళ్లు కలిపిన అమాక్సిసిలిన్‌ను 14 రోజుల తర్వాత పారేయండి.

• ఇండియా నుంచి తెచ్చిన సీసా అయితే లేబుల్ తప్పక చదవండి. అమెరికాలో పిల్లల టైలనాల్ 5 మి.లీ.లో 160 మి.గ్రా. మందు ఉంటుంది. ఇండియా సీసాల్లో 120 ఉండేవీ ఉన్నాయి, 250 ఉండేవీ ఉన్నాయి. కొలత ఒకటే అయినా డోసు ఒకటి కాదు.

మనవల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలకు, తాతయ్యలకు కూడా ఈ విషయాలు చెప్పి ఉంచండి. సందేహం వస్తే మందు ఇచ్చే ముందే ఫార్మసిస్టుకు ఫోన్ చేయండి.