రెండు పొడులూ 133 దగ్గరే కరిగాయి, మరి రెండూ ఒకటేనా?

ఈ ఎపిసోడ్‌ని నా తప్పు దిద్దుకోవడంతో మొదలుపెడుతున్నాను. పోయిన వీడియోలో ధీమాగా ఒక మాట అనేశాను: మెల్టింగ్ పాయింట్ అంటే పదార్థానికి ఆధార్ నంబర్ లాంటిది, నంబర్ కలిస్తే పదార్థం అదే అని.

ఆ రాత్రే మా అక్క ఫోన్ చేసింది. అక్క ఒక మందుల కంపెనీలో క్యూసీ కెమిస్ట్. "ఒరేయ్, నువ్వు చెప్పినట్టు చూసి నేను సంతకం పెడితే నా ఉద్యోగం పోతుంది. సినామిక్ ఆసిడ్ 133 డిగ్రీల దగ్గర కరుగుతుంది, యూరియా కూడా దాదాపు అక్కడే. రెండూ ఒకటేనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్‌లో రెండు రికార్డులకి ఒకే ఐడీ వస్తే ఎంత గొడవో నాకు తెలుసు. ఇక్కడ జరిగేది కూడా అదే.

సరే, అసలు ల్యాబ్‌లో ఏం చేస్తారో చూద్దాం. బాగా ఆరిన పొడిని మెత్తగా నూరి, ఒక చివర మూసేసిన సన్నటి గాజు గొట్టంలో, అంటే క్యాపిలరీలో వేస్తారు. తట్టి తట్టి అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తు వరకు గట్టిగా దిగేలా చేస్తారు. తర్వాత వేడి చేస్తారు. మొదట కాస్త త్వరగా పెంచినా ఫర్వాలేదు. కరిగే పాయింట్‌కి పది, పదిహేను డిగ్రీల ముందు నుంచి మాత్రం నిమిషానికి ఒకటి రెండు డిగ్రీలు మించకూడదు. తొందరపడితే థర్మామీటర్ ముందుకి వెళ్లిపోతుంది, పొడికి ఆ వేడి ఇంకా అందదు. రీడింగ్ ఎక్కువ వస్తుంది.

రాసుకోవాల్సింది ఒక నంబర్ కాదండీ, రెండు. మొదటి ద్రవం చుక్క కనిపించినప్పుడు ఒకటి, మొత్తం కరిగిపోయినప్పుడు ఇంకొకటి. స్వచ్ఛమైన పదార్థమైతే ఈ రెండిటి మధ్య తేడా మామూలుగా ఒకటి రెండు డిగ్రీలే. మలినం ఉంటే ముందే కరగడం మొదలుపెట్టి, సాగదీస్తూ పూర్తవుతుంది.

ఎందుకలా? కుల్ఫీ బండి గుర్తు తెచ్చుకోండి. ఐసులో ఉప్పు వేస్తారు కదా. ఉప్పు కలిసిన ఐసు సున్నా కంటే కిందే కరుగుతుంది, అందుకే పాలు గడ్డకట్టేంత చల్లదనం వస్తుంది. పొడిలో మలినం చేసే పని కూడా అదే.

అక్క ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. అనుమానం ఉన్న పొడిని, అదేనని మనం అనుకుంటున్న అసలు పదార్థంతో కలిపి నూరాలి. మూడు క్యాపిలరీలు పక్కపక్కన పెట్టాలి: ఇది, అది, రెండూ కలిపింది. మూడూ ఒకేచోట కరిగితే రెండూ ఒకటే అనడానికి గట్టి ఆధారం దొరికినట్టే. యూరియా, సినామిక్ ఆసిడ్ సగం సగం కలిపి చూస్తే మాత్రం ఇరవై డిగ్రీలకు పైగా కిందకి పడిపోతుంది. ఒకదానికొకటి మలినం అయ్యాయి కదా మరి! దీన్నే మిక్స్‌డ్ మెల్టింగ్ పాయింట్ అంటారు.

ఇదంతా విని నేను, "అయితే ఇది పాసైతే సంతకం పెట్టేయొచ్చా?" అన్నాను. అక్క నవ్వింది. ఐఆర్ స్పెక్ట్రమ్ చూడాలట, హెచ్‌పీఎల్‌సీ చూడాలట. "పారాసిటమాల్ 169 దగ్గర కరిగిందని నేను ఊరుకోనురా. ఆ పొడి రేపు ఎవరో పిల్లాడికి జ్వరం మాత్ర అవుతుంది" అంది.

కాబట్టి నా మాట ఇలా మార్చుకుంటున్నాను: మెల్టింగ్ పాయింట్ కలవకపోతే ఏదో తేడా ఉందని గట్టిగా అనుమానించొచ్చు. కలిస్తే మాత్రం పరీక్ష ఇంకా అయిపోలేదు. పోయిన వీడియో కింద కూడా ఈ దిద్దుబాటు పెట్టాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.