చెయ్యెత్తితే గుబులు.. వదిలేస్తే కడుపుకోత

వాహనాల తనిఖీపై పల్లెల్లో భిన్నాభిప్రాయాలు
జరిమానా కంటే మాట తీరుపైనే ఎక్కువ ఫిర్యాదులు

జగిత్యాల: మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు, పక్కన పోలీసు వాహనం కనిపిస్తే చాలు, ద్విచక్ర వాహనదారు చెయ్యి తనకు తెలియకుండానే బ్రేకు మీదికి వెళుతుంది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నవారికి సైతం గుండె ఝల్లుమంటుంది. లేనివారు బండి వెనక్కు తిప్పి పొలాల బాట పడతారు. ఎదురుగా వచ్చేవారు లైటు వేసి ఆర్పి ‘ముందు చెకింగ్ ఉంది’ అని హెచ్చరిస్తారు. ముఖపరిచయం లేని మనుషుల మధ్య ఇంతటి ఐకమత్యం మరే విషయంలోనూ కానరాదు. అదే మనుషులు, తమ ఊరి కుర్రవాడు మద్యం మత్తులో బండి నడిపి మరణించాడని తెలిసిన రోజున ‘పోలీసులు ఏం చేస్తున్నట్టు?’ అని నిలదీస్తారు. రెండు మాటలూ ఒకే నోటి నుంచి వస్తున్నాయి. రెండింటికీ కారణాలున్నాయి.

పాత భయం పోలేదు

ఈ ప్రాంతంలో పోలీసు చెయ్యెత్తితే కలిగే బెదురుకు చరిత్ర ఉంది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన నాటి నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఉమ్మడి కరీంనగర్ జిల్లా పల్లెలు అటు అన్నలకూ, ఇటు పోలీసులకూ మధ్య నలిగాయి. ఆ రోజుల్లో రాత్రిపూట దారిలో ఆపితే అడిగేది లైసెన్సు కాదు. ఏ ఊరు, ఎవరి కొడుకువు, ఇంత పొద్దుపోయి ఎక్కడికి అని అడిగేవారు. జవాబులో తడబాటు ప్రాణాల మీదికి తెచ్చేది. నేడు నలభై, యాభై ఏళ్లు దాటినవారంతా ఆ కాలంలో పెరిగినవారే. అడిగే ప్రశ్న మారినా, ఆగినప్పటి వణుకు అలాగే ఉంది.

2014లో ప్రత్యేక రాష్ట్రం ఏర్పడ్డాక పోలీసులకు కొత్త వాహనాలు వచ్చాయి. ‘ఫ్రెండ్లీ పోలీసింగ్’ అన్న మాట ఊరూరా వినిపించింది. మార్పు లేదనడం అన్యాయమే అవుతుంది. నమస్కారం పెట్టి, కాగితాలు చూసి, ‘జాగ్రత్తగా వెళ్లండి’ అని పంపే ఎస్సైలు ఉన్నారు. తండ్రి వయసున్న రైతును ‘ఏయ్, బండి పక్కకు పెట్టురా’ అని గద్దించేవారూ ఉన్నారు. జరిమానా కట్టిన సంగతి నెలలో మరచిపోతారు గానీ, భార్యాపిల్లల ముందు ‘రా’ అనిపించుకున్న సంగతిని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

తాళం సంగతి

మోటారు వాహనాల చట్టం-1988లోని 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే వాహనచోదకుడు లైసెన్సు చూపించి తీరాలి. కాదనడానికి వీల్లేదు. అయితే అసలు పత్రమే చేతిలో ఉండాలన్న పట్టింపు ఇప్పుడు లేదు. 2018లో కేంద్ర నిబంధనలను సవరించి ఎలక్ట్రానిక్ రూపంలోని పత్రాలకూ గుర్తింపు ఇచ్చారు. డిజిలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లలో చూపితే సరిపోతుంది. సెల్‌ఫోన్‌తో తీసి దాచుకున్న ఫొటో దీని కిందికి రాదు. ఈ తేడా తెలియక రోడ్డు మీద వాగ్వాదానికి దిగేవారే ఎక్కువ. పత్రాలు వెంట లేకపోతే, ధ్రువీకరించిన నకళ్లను 15 రోజుల్లోగా ఆ అధికారికి పంపే వెసులుబాటును 139వ నిబంధన కల్పించింది. దీనిని ఉపయోగించుకునేవారు అరుదు.

బండి ఆగీ ఆగకముందే తాళం చెవి లాగేసుకోవడం తనిఖీల్లో తరచూ కనిపించే దృశ్యం. చట్టంలో తాళం ప్రస్తావనే లేదు. లైసెన్సుగానీ రిజిస్ట్రేషన్‌గానీ లేకుండా నడిపితే వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం 207వ సెక్షన్ కింద ఉంది. అది పద్ధతి ప్రకారం జరగాల్సిన పని. లైసెన్సును తీసుకుంటే 206వ సెక్షన్ ప్రకారం రసీదు ఇవ్వాలి. మద్యం తాగి నడిపిన కేసుల్లో సైతం, వెంట లైసెన్సు ఉండి మద్యం తాగని వ్యక్తి ఉంటే బండిని అతనికి అప్పగించాలని, లేకుంటే బంధుమిత్రులను పిలిపించాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు స్పష్టం చేసింది. తాగినవాడిపై కేసు మాత్రం తప్పదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించితే నేరమే.

జరిమానాల విషయంలోనూ అయోమయం తక్కువేమీ లేదు. కేంద్రం పెంచిన జరిమానాలు 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిని అమలు చేయబోమని నాటి తెలంగాణ ప్రభుత్వం అదే నెలలో ప్రకటించింది. బకాయి చలాన్లపై 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. పడిన రోజే పూర్తి సొమ్ము కట్టిన బుద్ధిమంతుడు అమాయకుడిగా మిగిలాడు. ఆగితే కట్టాలి, ఆగకుంటే రాయితీ వస్తుందన్న లెక్క ప్రజలకు నేర్పింది ఎవరన్నది ఆలోచించాలి.

కాగితం లేకుంటే భూమికే ఎసరు

తనిఖీని తిట్టుకునేవారు ఒక్క విషయం గమనించడం లేదు. పోలీసు అడిగే కాగితాల్లో అన్నింటికన్నా విలువైనది బీమా. 2018 సెప్టెంబరు 1 నుంచి కొన్న కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. కొన్న రోజున షోరూంలో కట్టిన ఆ సొమ్మును కొన్నవారే మరచిపోతారు. ఆరో ఏడు వస్తుంది, బీమా ముగుస్తుంది, బండి మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ బండి తగిలి ఎవరైనా మరణిస్తే పరిహారం యజమాని సొంతంగా చెల్లించాలి. బీమా ఉన్నా నడిపినవాడికి లైసెన్సు లేకపోతే, కంపెనీ బాధితులకు ముందు చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకునేలా ట్రైబ్యునళ్లు ఆదేశించడం పరిపాటి. రెండెకరాల ఆసామికి అది భూమి అమ్ముకునే పరిస్థితే.

పాత బండ్ల అమ్మకం మరో ఉచ్చు. అంగట్లో మాట్లాడుకుని, బాండు పేపరు మీద సంతకం చేసి తాళం ఇచ్చేస్తారు. పేరు మార్పిడి జరగదు. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతోంది. అలా చేయకపోతే చలాన్లు పాత యజమానికే వస్తాయి. చలాన్లతో పోతే అదృష్టమే. రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహార బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇక పాలక్యాన్లు వేసుకుని పదో తరగతి పిల్లలు నడిపే బండ్ల సంగతి సరేసరి. 199ఎ సెక్షన్ కింద ఆ తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు.

అందరినీ ఆపుతున్నారా?

ఇక్కడ ప్రజల ఆవేదనలో న్యాయం ఉంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌రోడ్డుపై సామర్థ్యానికి మించి ప్రయాణికులతో వస్తున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట వంటి ఊళ్లలో ఒకే వాడలో వరుసగా పాడెలు లేచాయి. ఆ బస్సును ఎవరూ ఆపలేదు. నాట్లకు, కోతలకు కూలీలను కుక్కి తీసుకువెళ్లే ఆటోలు నేటికీ తెల్లవారుజామున తిరుగుతున్నాయి. తనిఖీలు సాగేది ఎక్కువగా పొద్దెక్కాక, ఊరి పొలిమేరలో, హెల్మెట్ లేని మోటారు సైకిళ్లపైనే. హెల్మెట్ అవసరమే. కానీ సులువుగా దొరికేవాడినే పట్టుకుంటున్నారన్న భావన బలపడితే, పోలీసు చెప్పే మంచి మాట చెవికి ఎక్కదు.

ఈ బెదురు వల్ల జరుగుతున్న మరో నష్టం పెద్దది. రోడ్డు పక్కన రక్తపు మడుగులో పడి ఉన్నవారిని చూసి కూడా ‘కేసు మెడకు చుట్టుకుంటుంది’ అని తప్పుకుపోయేవారు ఎందరో. 2019 సవరణలో చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, క్షతగాత్రులకు సద్భావంతో సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవు. పేరు, చిరునామా చెప్పాలని బలవంతపెట్టడానికి వీల్లేదు. ‘హెల్మెట్ ధరించండి’ అన్న బోర్డులు ఈ రహదారి పొడవునా ఉన్నాయి గానీ, ఈ సంగతి తెలిపే బోర్డు ఒక్కటీ ఈ విలేకరి కంట పడలేదు.