నాలుగు వంతెనల్లో నిలిచింది పురానాపూల్ ఒక్కటే

బార్కస్‌లో నది లేదు. చార్మినార్ దాటి ఉత్తరంగా పోతేగాని మూసీ కనిపించదు. అయినా అఫ్జల్‌గంజ్‌కు సరుకుల కోసమో, ఉస్మానియా ఆసుపత్రికి వైద్యం కోసమో, నాంపల్లిలో రైలు అందుకోవడానికో బయలుదేరిన బార్కస్ వాసి చాంద్రాయణగుట్ట, శాలిబండ, చార్మినార్ మీదుగా వచ్చి మూసీ వంతెన ఎక్కవలసిందే. ఆ వంతెన లేకుంటే పాతబస్తీ ఒక ఊరు, అవతలి ఒడ్డు వేరొక ఊరు.

బార్కస్ అనే పేరు ‘బారక్స్’ అన్న మాట నుంచి వచ్చింది. యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల నివాసాలు ఇక్కడ వుండేవి. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనమయ్యాక కొలువులు పోయినా, అనేక కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. లుంగీ కట్టు, రంజాన్ మాసపు హరీస్, తీయని జామపండ్లు నేటికీ ఈ బస్తీ గుర్తులు.

మూసీపై మొదటి వంతెన పురానాపూల్. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో దీని నిర్మాణం పూర్తయింది. చార్మినార్ వెలసింది 1591లో. అంటే నగరం కంటే వంతెనే 13 ఏళ్ళు పెద్దది! భాగమతి కోసం ఏరు దాటబోయిన యువరాజు మహమ్మద్ కులీ ప్రాణానికి భయపడి తండ్రి ఈ వంతెన కట్టించాడని జనం చెప్పుకుంటారు. కాని వంతెన పూర్తయ్యేనాటికి ఆ యువరాజు వయసు 13 ఏళ్ళే. గోల్కొండను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనకు ఇది అందంలో ఏమంత తీసిపోదని రాశాడు.

తరువాత 1831లో చాదర్‌ఘాట్ వంతెన, అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా పాలనలో అఫ్జల్ వంతెన, ఆ శతాబ్దం చివరలో ముసల్లం జంగ్ వంతెన వచ్చాయి. పురానాపూల్‌తో కలిపి నాలుగు వంతెనలు రెండు ఒడ్డులను కలిపాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ విరుచుకుపడింది. వేలాది ఇళ్ళు నేలమట్టమయ్యాయి. సుమారు 15 వేలమంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ తోటలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ రోజుకు సాక్షిగా నిలిచింది. మూడు వంతెనలు వరద పాలయ్యాయి. రెండు ఒడ్డుల మధ్య రాకపోకలకు మిగిలింది పురానాపూల్ ఒక్కటే. అందరికంటే పెద్దదే అందరినీ ఆదుకుంది.

తరువాత అఫ్జల్ వంతెనను తిరిగి కట్టారు. జనం దానికి ‘నయాపూల్’ అని పేరు పెట్టుకున్నారు. అయితే వంతెనలు కట్టినంత మాత్రాన నగరానికి రక్షణ లేదని ప్రభుత్వం గ్రహించింది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగి, ఒకదాని నీరు మరొకదానిపై పడటం వల్లే వరద అంత ఉధృతమైందని ఆ ఇంజనీరు తేల్చారు. వరదను ఎగువనే ఆపాలన్న ఆయన సూచన ఫలితంగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ నదిపై 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమయ్యాయి.

నూరేళ్ళు గడిచాక ఆ పాఠాన్ని బార్కస్ పరిసరాలు మళ్ళీ చదవవలసి వచ్చింది. 2020 అక్టోబరులో కుండపోత వానలకు బార్కస్ సమీపంలోని గుర్రం చెరువు కట్ట తెగింది. హఫీజ్‌బాబానగర్ తదితర బస్తీలు నీట మునిగాయి. ఇళ్ళలోని బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు బురదపాలయ్యాయి. మూసీ ఇక్కడికి రాలేదు. అయినా వరద వచ్చింది.

చెరువు కట్ట గట్టిగా వుంటే, నీరు పోయే నాలాకు దారి వుంటే, దిగువ వంతెనకూ బస్తీకీ కూడా భద్రత. చెరువు శిఖంలో ఇళ్ళు లేచి, నాలా ఇరుకైపోతే ఎంత గొప్ప వంతెన కట్టినా ప్రయోజనం లేదు. పురానాపూల్ నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచింది. ఎగువ చెరువులను కూడా అలా నిలబెట్టుకోవడం నేటివారి బాధ్యత.