ఇల్లు దొరికేవరకు

గత జూన్‌లో ఒక ఆదివారం. రెండవ ఆరాధన ముగిసి చాపలు చుట్టుతుండగా, సండేస్కూలు పిల్లలు జనరేటరు షెడ్డు వెనుక నుంచి ఒక కుక్కపిల్లను చేతిరుమాలులో పట్టుకొని మా దగ్గరకు వచ్చారు. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత ఉంది. ఒళ్లంతా గోమార్లు. పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. "అయ్యగారూ, ఇది ఒక్కటే ఉంది" అన్నారు పిల్లలు.

ఒక్కటే ఉండడానికి కారణం మాకు తెలుసు. ముందు ఆదివారం అక్కడ మూడు పిల్లలను మేమే స్వయంగా చూశాము. తల్లి బైపాస్ రోడ్డు మీద లారీ కింద పడిందని వాచ్‌మన్ అప్పుడే చెప్పాడు. "చూద్దాంలే" అన్నాము. ఆ వారమంతా కూటాల ఏర్పాట్లు, కమిటీ సమావేశాలు. మేము చూసేసరికి వారం గడిచింది, రెండు పిల్లలు పోయాయి.

ఆ సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాము. ఈ పిల్ల మనది కాదు, మంచి ఇల్లు దొరికేవరకు మన దగ్గర ఉంటుంది, అంతే. మాది బదిలీల ఉద్యోగమని పాఠకులకు తెలుసు. పార్సనేజీ గోడకు మేకు కొట్టాలన్నా ఆలోచించుకునే బ్రతుకు మాది. పన్నెండు పదిహేనేళ్లు బ్రతికే ప్రాణికి మాట ఇచ్చే స్థితిలో మేము లేము. కాని రెండు మూడు నెలలకు మాట ఇవ్వగలము. ఇలా తాత్కాలికంగా ఇంట ఉంచుకోవడాన్నే ఫోస్టరింగ్ అంటున్నారు. జంతు సంరక్షణ సంస్థల షెడ్లు ఎప్పుడూ నిండే ఉంటాయి. చిన్న పిల్లలకు అక్కడ జబ్బులు త్వరగా అంటుకుంటాయి. కనుక ఆ సంస్థలు కూడా ఇటువంటి ఇళ్ల కోసం ఎదురుచూస్తుంటాయి. చాలాచోట్ల మందుల ఖర్చు సంస్థ భరిస్తుంది, చోటు, సమయం ఇంటివారు ఇస్తారు. మాకు ఏ సంస్థా తోడు లేదు కాబట్టి రెండూ మావే అయ్యాయి.

ఈ పనిలో దిగాలనుకునేవారు మొదట తెలుసుకోవలసిందేమంటే, కనబడిన ప్రతి పిల్లనూ ఎత్తుకు రాకూడదు. తల్లి కుక్క తిండి కోసం గంటల తరబడి వెళ్లి వస్తుంది. దూరంగా నిలబడి కొన్ని గంటలు గమనించాలి. తల్లి ఉంటే, పిల్లలకు ఎనిమిది వారాలు వచ్చేవరకు దాని దగ్గరే వదిలి, తల్లికి తిండి పెట్టడం మేలు. తల్లి పోయిందని నిశ్చయమైనా, పిల్ల గాయపడినా, చలికి వణుకుతూ పడి ఉన్నా అప్పుడు ఆలస్యం చేయకూడదు. మేము చేసిన తప్పు ఇక్కడే.

ఇంటికి తెచ్చిన తరువాత మొదటి పని ముద్దు చేయడం కాదు, పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లడం. ఉబ్బిన పొట్టను చూసి మేము బాగా తిన్నదనుకున్నాము. అవి నులిపురుగులని డాక్టరుగారు చెప్పారు. పురుగుల మందు ఒక్కసారి వేస్తే చాలదు, ఈ వయసులో రెండేసి వారాలకు ఒకసారి వేయాలి. పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు కలిపి ఇచ్చే టీకాను 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో 16 వారాల వయసు వరకు వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఇవన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసి ఇస్తారు. ఆ పుస్తకాన్ని జాగ్రత్త చేయండి, రేపు కొత్త ఇంటికి పిల్లతోపాటు వెళ్లవలసింది అదే.

పార్వో గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. అన్నం ముట్టక, వాంతులు చేసుకొని, రక్తంతో విరేచనాలయితే ఆ పిల్లకు గంటలే మిగిలి ఉన్నాయని భావించి పరుగెత్తాలి. తెల్లవారనిమ్మని ఆగకూడదు. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బ్రతికి ఉంటుంది, మనం రోజూ తుడిచే ఫినాయిలుకు చావదు, బ్లీచ్ కలిపిన నీళ్లు కావాలి. కనుక ఇంట్లో వేరే కుక్క ఉన్నవారు కొత్త పిల్లను కనీసం రెండు వారాలు వేరు గదిలో, వేరు గిన్నెలతో ఉంచాలి. టీకాలు పూర్తయ్యేవరకు వీధి నేల మీద దింపకూడదు. మా పిల్ల పదిరోజులు స్టోర్ రూములో పాత హార్మోనియం పెట్టె పక్కన గడిపింది.

ఇంట్లో మనుషుల సంగతి కూడా ఉంది. మొదటి వారంలోనే మా చిన్నమ్మాయి చేతికి దాని పంటి గీత పడి రక్తం వచ్చింది. "పిల్లే కదా" అని తీసిపారేయకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషిని నిలబెట్టడం దాదాపు అసాధ్యం. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం వంటివి పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకాల వరుస మొత్తం పూర్తిచేయాలి. మేము ప్రభుత్వ ఆసుపత్రిలోనే వేయించాము.

తిండి విషయం తేలిక. ఆవుపాలు చాలా పిల్లలకు అరగవు, విరేచనాలవుతాయి. మెత్తటి అన్నంలో ఉడికించిన కోడిమాంసమో గుడ్డో కలిపి, ఉప్పు కారం లేకుండా, రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాము. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. ప్రేమవిందు తరువాత ఉడికిన కోడి ఎముకలు వేయడం మన సంఘాల్లో అందరూ పుణ్యమనుకొనే పని. అవి విరిగి సూదుల్లా గొంతులోనో పేగుల్లోనో దిగుతాయి.

ఇక అసలు పని. ఈ పిల్ల వెళ్లబోయే ఇల్లు ఎటువంటిదో మనకు తెలియదు. అది అపార్టుమెంటు కావచ్చు, ముసలివారి ఇల్లు కావచ్చు, పసిపిల్లల ఇల్లు కావచ్చు. కనుక దానిని మన ఒక్క ఇంటికే అలవాటు చేయకూడదు. మూడు వారాల నుంచి పధ్నాలుగు వారాల వయసు మధ్య చూసిన మనుషులను, విన్న చప్పుళ్లను కుక్కపిల్ల జీవితాంతం సహజమనుకుంటుంది. ఆ కిటికీ మూసుకున్నాక నేర్పడం కష్టం. కుక్కరు విజిల్, మిక్సీ, గొడుగు, చేతికర్ర, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, అన్నిటినీ మెల్లగా, భయపెట్టకుండా పరిచయం చేశాము. క్వాయర్ సాధనలో డోలక్ మొదటిసారి మోగినప్పుడు అది మంచం కిందకు దూరింది. నెల తిరిగేసరికి డోలక్ పక్కనే నిద్రపోయేది. నిద్ర లేవగానే, తినగానే, ఆడుకున్నాక పెరట్లోకి తీసుకువెళ్తే బయటికి వెళ్లడం అదే నేర్చుకుంటుంది. తప్పు చేసినప్పుడు ముక్కు నేలకు రుద్దడం వల్ల అది నేర్చుకొనేది మనలను చూసి దాక్కోవడమే. రోజూ కాసేపు ఒంటరిగా కూడా ఉంచాలి. ఎప్పుడూ ఒళ్లోనే పెరిగిన పిల్ల కొత్త ఇంట్లో మొదటి రాత్రే వీధంతా లేపుతుంది. ఈ విషయంలో మా శ్రీమతి గట్టిగా ఉన్నారు, మేము కాదు.

ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు: "మనుషులకే దిక్కులేదు, పాస్టర్లకు కుక్కల పనేమిటి?" ప్రశ్న న్యాయమైనదే. వీధికుక్కల కాటుకు బిడ్డలను ఆసుపత్రుల చుట్టూ తిప్పినవారు మన సంఘాల్లోనే ఉన్నారు. కాని ఒక కుక్కపిల్ల టీకాలు వేయించుకొని, వయసు వచ్చాక కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొని ఒక ఇంట్లో స్థిరపడితే, వీధిలో ఒక కుక్క, దాని సంతానం తగ్గినట్టే కదా. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వు కూడా, కుక్కలను దత్తత తీసుకోదలచినవారు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని చెప్పింది. ఇక పాస్టర్ల పని సంగతి. 1824లో లండన్‌లో జంతుహింస నివారణకు మొదటి సంఘాన్ని కూడగట్టినది ఆర్థర్ బ్రూమ్ అనే ఆంగ్లికన్ పాదిరి. బానిస వ్యాపారంపై పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆయనతో కూర్చున్నారు. ఆ సంఘం అప్పుల కోసం బ్రూమ్ జైలుకు కూడా వెళ్లారు. మేము పోగొట్టుకున్నది కొన్ని రాత్రుల నిద్ర మాత్రమే.

ఇల్లు వెదకడంలో మేము రెండోసారి తప్పు చేశాము. మూడు నెలలు నిండుతుండగా సంఘంలోనే ఒక సహోదరుడు అడిగారు. తెలిసినవారు, మంచివారు. ఏమీ అడగకుండా ఇచ్చేశాము, మొహమాటం. పన్నెండు రోజుల తరువాత ఆ దారిన వెళ్తూ చూస్తే, కట్టుబడి జరుగుతున్న ఇంటి దగ్గర సిమెంటు బస్తాలకు కాపలాగా, ఎండలో, ఇనుప గొలుసుతో కట్టేసి ఉంది. మెడ ఒరుసుకుపోయి పుండు పడింది. ఆయన చెడ్డవారు కాదు. కుక్క అంటే కాపలా అనుకున్నారు. మనం ఇల్లు అనుకున్నాము. ఇద్దరం ఆ మాట నోటితో అనుకోలేదు. తిరిగి తెచ్చుకున్నాము. పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. సహోదరునితో మాట కలవడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

ఆ తరువాత అడగడం నేర్చుకున్నాము. ఇంట్లో అందరికీ ఇష్టమేనా? అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా? పగలు ఎవరుంటారు? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? పండుగకు ఊరెళ్తే ఎవరికి అప్పగిస్తారు? ఆపరేషను చేయిస్తారా? ఎప్పుడైనా వద్దనుకుంటే వీధిలో వదలక మాకే తిరిగి ఇస్తారా? ఇవన్నీ ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోవడం అనుమానం కాదు. పెళ్లి సంబంధమప్పుడు ఇంతకన్నా ఎక్కువే అడుగుతాము. వారి ఇంటికి మనం వెళ్లి చూడాలి. మొదటి వారం పరీక్షగా ఉంచుకోమనాలి. ఇంట్లో పెళ్లీ పండుగా ఉన్న రోజుల్లో మాత్రం అప్పగించకూడదు. మేము ఇద్దరికి కాదన్నాము. అందులో ఒకరు ఇప్పటికీ ఎదురుపడితే పలకరించరు.

చివరకు ముప్పై కిలోమీటర్ల దూరంలో రిటైరైన నర్సమ్మగారు, ఆమె భర్త ముందుకొచ్చారు. మేము ఒక ప్రశ్న అడిగితే ఆమె మమ్మల్ని నాలుగు అడిగారు: ఏ గిన్నెలో తింటుంది, ఉరిమితే ఏం చేస్తుంది, ఏ పేరుతో పిలుస్తున్నారు, మెడ మీద ఆ మచ్చ ఏమిటి. మచ్చ సంగతి దాచకుండా చెప్పాము. టీకాల పుస్తకం, రెండు వారాలకు సరిపడా తిండి, అది పడుకొనే పాత దుప్పటి ఉతకకుండా అలాగే ఇచ్చాము. తెలిసిన వాసన ఉంటే కొత్తచోట కొంచెం కుదురుతుంది. కారు కదిలాక మా చిన్నమ్మాయి స్టోర్ రూములోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మొదట్లో మనం చూడడానికి వెళ్తే అది కొత్త ఇంట్లో స్థిరపడదని, ఫోనులోనే కబురు తెలుసుకున్నాము. నెల దాటాక వెళ్లాము. గేటు దగ్గరే గుర్తుపట్టి, మా కాళ్ల చుట్టూ తిరిగి, చెప్పులు వాసన చూసి, చిన్నమ్మాయి చెయ్యి నాకింది. టీ తాగుతుండగా లేచి వెళ్లి నర్సమ్మగారి పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. మేము బయలుదేరినప్పుడు తోక ఊపిందే గాని లేవలేదు. తిరుగు ప్రయాణంలో చాలాసేపు కారులో ఎవరమూ మాట్లాడలేదు. ఊరు దగ్గరపడుతుండగా చిన్నమ్మాయే అడిగింది, స్టోర్ రూములోని గిన్నె ఉంచాలా, తీసేయాలా అని. ఉంచమన్నాము.