ఎండతో నీరు తోడుటకు ముందు

సూర్యరశ్మితో నడచు పంపులను గూర్చి మన సంఘ సభ్యులు పలువురు ప్రశ్నించుచున్నారు. నల్లపాడు చుట్టునున్న రేగడి నేలలలో ప్రత్తికి, మిరపకు కడపటి తడులు అందక దిగుబడి తగ్గిన రైతునకు ఈ పంపు ఆశ గొల్పుట సహజమే. మేమును దీనిని కాదనము. కాని కొనుటకు ముందు ఒక దూరదేశపు వృత్తాంతమును వినవలసియున్నది.

అరేబియా ద్వీపకల్పమున యెమెన్ అను దేశము గలదు. అచట 2014లో మొదలైన అంతర్యుద్ధము 2015లో పొరుగు రాజ్యముల జోక్యముతో తీవ్రమైనది. విద్యుత్తు నిలిచిపోయెను. డీజిలు దొరకుటయే కష్టమయ్యెను; దొరికినను వెల మండిపోయెను. డీజిలు ఇంజనులతో నీరు తోడుకొను సేద్యగాండ్రకు పైరు కన్నులయెదుటనే ఎండిపోవు దినము వచ్చినది. అప్పుడు సూర్యఫలకములే వారికి దిక్కైనవి. ఇండ్లపైని, ఆసుపత్రులపైని, బావుల చెంతను అవి వెలసినవి. యుద్ధములో నలిగిన పల్లెలు తిరిగి నిలద్రొక్కుకొనుటకు ఇవి గొప్ప ఆధారమైనవనుటలో సందేహము లేదు.

అయితే ఇంజను నాడు రైతు గంట గంటకును చమురు వెల లెక్కించుకొని దానిని ఆపెడివాడు. ఫలకమునకు చమురక్కరలేదు గదా! ఎండ యున్నంతసేపును పంపు తిరుగుచునే యుండును. 2018 తరువాత పశ్చిమ యెమెనులో భూగర్భజలము వేగముగా క్రుంగినట్లు ఉపగ్రహముల కొలతలవలన తెలియవచ్చినది. అచటి నీటిలో పెద్దపాలు ఖాత్ అను మత్తాకు తోటలకే పోవుననుట వేరు సంగతి.

ఇది మనకు పరాయి కథ కాదు. మన రాష్ట్రమున 2004 నుండి సేద్యపు విద్యుత్తు ఉచితముగా లభించుచున్నది. అనగా వెల అను కళ్లెము ఇచట ఇదివరకే లేదు. ఫలకము వచ్చినంత మాత్రమున అది రాదు.

ఆ కళ్లెమును మరియొక రీతిగా దెచ్చినవారు గుజరాతు రైతులు. పాల సంఘములకు పేరొందిన ఖేడా జిల్లాలో ధుండీ అను గ్రామము గలదు. అచట ఆరుగురు రైతులు సహకార సంఘముగా నేర్పడి, సుమారు 56 కిలోవాట్ల ఫలకములను నిలిపి, 2016 నుండి తమకు మిగిలిన విద్యుత్తును పంపిణీ సంస్థకు యూనిటు 4 రూపాయల 63 పైసల చొప్పున 25 సంవత్సరముల ఒప్పందముపై విక్రయింప నారంభించిరి. పంపు నడిపిన గంట ఆ విద్యుత్తు వెల పోయినట్లే. ఆపిన గంట అది రొక్కమైనట్లే. నీరు తోడుటకు ముందు ఆ రైతు ఒకమారు ఆలోచించును. మేము కోరునది ఈ ఆలోచననే.

కేంద్ర ప్రభుత్వము 2019లో ప్రవేశపెట్టిన కుసుమ్ పథకమున ఒంటరిగా నిలుచు పంపునకును, తీగతో కలిసిన పంపునకును తావు కలదు. తీగ చేరని పొలమునకు మొదటిది తగును. తీగ యున్నచోట రెండవదే మేలని మా అభిప్రాయము. 5 అశ్వశక్తుల పంపునకు ఇంచుమించు 5 కిలోవాట్ల ఫలకములు వలయును. మిరపకోతల కాలమున దుమ్ము పేరుకొన్నచో శక్తి తగ్గును గాన ఉదయమున తడిగుడ్డతో తుడుచుచుండవలయును.

ఇక నీటి లెక్క. ఇందుకు గుజరాతు దాక పోనక్కరలేదు. మన పొరుగున ప్రకాశము మొదలుగా ఏడు కరవు జిల్లాలలో, ఆరువందలకు పైగా పల్లెలలో, 2003 తరువాత కొన్ని సంవత్సరములు రైతులే వర్షమును, బావుల నీటిమట్టమును కొలిచి వ్రాసుకొనిరి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అందుకు తోడ్పడినది. రబీకి ముందు గ్రామస్థులందరు కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత యని లెక్కగట్టి, చాలనిచో తక్కువ నీటి పైరులకు మరలుచుండిరి. అచట ఎవరిపైనను నిర్బంధము లేదు. లెక్క అందరి కన్నుల యెదుట నుండుటయే పని చేసినది.

పంపుకొరకు అప్పు కోరదలచిన సభ్యులు ఇప్పటినుండియే పక్షమున కొకమారు తమ బావి కొలత తీయుడు. తెరచిన బావి యైనచో త్రాటికి బరువు గట్టి దింపి, పై గట్టునుండి నీటివరకు ఎన్ని అడుగులైనదియు చూచి, తేదీతో నోటుపుస్తకమున వ్రాయుడు. పంపు నడిపిన వెంటనే కాక, తెల్లవారుజామున కొలిచిన లెక్కయే సరియైనది.