షాద్‌నగరు చిత్రభాండారము

హైదరాబాదునుండి కర్నూలు పోవు మార్గమున షాద్‌నగరు చెంత, ఆకాశమువైపు తిరిగిన పెద్ద మూకుళ్ళవంటి ఆంటెన్నాలు గలవు. భూమిని పరికించు మన ఉపగ్రహములు పంపు సంకేతములు చేరు ప్రధానస్థానము అదియే. జాతీయ దూరసంవేదన సంస్థ 1974లో ఏర్పడగా, 1979లో ఇచ్చట గ్రహణకేంద్రము పని ప్రారంభించినది. నాడు నిత్యకార్యములకు పనికివచ్చు స్వంత ఉపగ్రహము మనకు లేదు. అమెరికావారి లాండ్‌శాట్ మన దేశముమీదుగా పోవునపుడు దాని సంకేతములను పట్టుకొని, మన నదులను, మన పైరులను పరుల కంటితో చూచుకొనుచుంటిమి. 1988 మార్చి 17వ తేదీన ఐ.ఆర్.ఎస్.-1ఏ కక్ష్యను చేరినపుడు గాని ఆ పరాధీనత సడలలేదు. ఆ ఉపగ్రహమును పైకి మోసినది సోవియట్ రాకెట్టే యన్నమాటయు మరువరాదు.

ఇప్పుడీ కేంద్రమును గూర్చి వ్రాయుటకు కారణము గలదు. ఇస్రో, నాసా సంస్థలు కలసి నిర్మించిన నిసార్ ఉపగ్రహము 2025 జూలై 30వ తేదీన శ్రీహరికోటనుండి ప్రయోగింపబడినది. అది 12 దినముల కొకసారి తాను చూచిన చోటికి మరల వచ్చును. రాడారుతో చూచునది గావున రాత్రిగాని, మేఘముగాని దానికి అడ్డు కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తినప్పటివంటి దినములలో మామూలు కెమెరాకు కానవచ్చునది చాలవరకు మబ్బు మాత్రమే; నీరు ఎంతవరకు ప్రాకినదో రాడారు చెప్పగలదు. ఖరీఫు కాలమంతయు మనకు మబ్బు కాలమే గదా! ఇట్టి ఉపగ్రహము కుమ్మరించు సమాచారమును నిలువచేయుటకు, శోధించి చిత్రములుగా మార్చుటకు యంత్రసామగ్రిని పెంచుట తప్పదు. ఆ వ్యయమునకు మేము అడ్డు చెప్పము. కాని ఆధునికీకరణమనగా క్రొత్త యంత్రములు కొనుటయే యని తలచినచో, ఈ భాండారములోని విలువైన ధనము చేజారగలదని మా భయము. ఆ ధనము పాత చిత్రములు.

వెనుకటి సంస్కరణమును ఒకమారు పరికింతము. పూర్వము షాద్‌నగరులో గ్రహించిన సమాచారమును టేపులకెక్కించి, వాహనముపై హైదరాబాదులోని బాలానగరునకు చేర్చి, అచ్చట శోధించెడివారు. అంతరిక్షమునుండి క్షణములో దిగిన వార్త, పిమ్మట రోడ్డుమీద బండియెక్కి పోవలసి వచ్చెడిది! 2011లో ఈ పద్ధతి మారినది. గ్రహణము, శోధనము, నిలువ, పంపిణీ అన్నియు షాద్‌నగరులోనే ఒక వరుసలో జరుగునట్లు ఏర్పాటు చేసిరి. అత్యవసరమున ఒక గంటలోను, మామూలుగా ఒక దినములోను చిత్రము చేతికందవలెనన్నది నాటి లక్ష్యము. 2013లో అంటార్కిటికాలోని భారతి స్థావరమున మరియొక గ్రహణకేంద్రము నెలకొల్పి, అచ్చట పట్టిన సంకేతములను గూడ ఇచ్చటికే చేర్చుచున్నారు. ఇది ప్రశంసనీయమైన పని. అయితే దీని దృష్టియంతయు వేగముమీద నున్నది. వరద వచ్చినవానికి వేగము కావలెను. ముప్పది యేండ్ల క్రిందట తన చెరువు ఎంత మేర నిండెడిదో తెలిసికొనగోరు గ్రామమునకు కావలసినది వేరు.

మన పాఠకులలో భూమిగలవారు పెక్కురు గలరు గనుక వారి కొలతలలోనే చెప్పుదము. ఐ.ఆర్.ఎస్.-1ఏ లోని ఒక కెమెరాకు చుక్క యొక్కటి 72.5 మీటర్ల చదరము. అనగా ఒక ఎకరముపై 12 గుంటలు. రెండవ కెమెరాకు చుక్క 13 గుంటలు. 2005 మే నెలలో పంపిన కార్టోశాట్-1కు చుక్క రెండున్నర మీటర్లే. గుంటకు 16 చుక్కలు పడును. 2019 నవంబరులో పంపిన కార్టోశాట్-3 చుక్క, భోజనమునకు వేయు పీటకంటె పెద్దది కాదు. కావున 1988 నాటి చిత్రము గట్టు తగవును తీర్చలేదు. ఫలానా చెరువు ఆ యేట నిండెనా, శిఖము భూమిలో పైరున్నదా, తోపు నరికిరా యన్నవి మాత్రము చక్కగ చెప్పగలదు. పహాణీలో గాని, అడంగలులో గాని ఎవరేమి వ్రాయించుకొన్నను, ఆకాశమునుండి తీసిన చిత్రమునకు కరణముతో గాని, కామందుతో గాని మొగమోటము లేదు.

ఇది ఊహామాత్రము కాదు. చెరువుల, ప్రభుత్వభూముల ఆక్రమణలను తొలగించుటకై తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో హైడ్రా యను సంస్థను నెలకొల్పినది. చెరువు హద్దు ఎక్కడ, కట్టడము ఎప్పటిది యను ప్రశ్నలకు ఉపగ్రహచిత్రములు సాక్ష్యములైనవి. ఒకరి యిల్లు నిలుచుటయు కూలుటయు చిత్రముమీద ఆధారపడునప్పుడు, ఆ చిత్రము సరియైన చోట అమరినదా, దాని చుక్క యెంత, తీసిన దినమున చెరువు నిండియుండెనా యెండియుండెనా యని అడుగు హక్కు ఇంటివానికి గలదు. 13 గుంటల చుక్కను చూపి ఒక గుంట యింటిని కూల్చుట న్యాయము కానేరదు. ఆక్రమణదారుని వెనుకవేసికొని రావలెనని మా యుద్దేశము కాదు. సాక్షిని నిలబెట్టినవారు ఆ సాక్షి కంటిచూపు ఎంతదో గూడ చెప్పవలెను.

ఇంక పాత టేపుల సంగతి. టేపు చెడుట ఒక ప్రమాదము. టేపు బాగుగనే యుండి దానిని చదువు యంత్రము లోకమున లేకపోవుట అంతకంటె విచిత్రమైన ప్రమాదము. 1966, 1967 సంవత్సరములలో నాసావారు చంద్రుని చుట్టు త్రిప్పిన లూనార్ ఆర్బిటర్ నౌకల టేపులకు ఇట్టిదే జరిగినది. వానిని చదువగల యంత్రములు కరవైపోగా, ఒక ఉద్యోగిని పూనికచే టేపులును కొన్ని పాడుపడిన యంత్రములును మిగిలినవి. తుదకు కాలిఫోర్నియాలో మూతపడిన ఒక ఫలహారశాలలో ఆ యంత్రములను బాగుచేసి, 2008లో చంద్రునిపైనుండి భూమి కనుపించు చిత్రమును మునుపటికంటె స్పష్టముగ వెలికితీసిరి. చంద్రునిపై మానవుడు తొలిసారి కాలుమోపిన దృశ్యముల మూల టేపులకు ఆ భాగ్యము గూడ లేదు. వానిని తుడిచి మరల వాడుకొనియుందురని 2009లో నాసాయే తేల్చినది. ధనమునకు కొదువలేని సంస్థలోనే ఇట్లు జరిగినప్పుడు మనము జాగ్రత్తపడుట అవసరము కాదా?

టేపునుండి సమాచారమును క్రొత్త డిస్కునకెక్కించుటతో పని ముగియదు. ఉపగ్రహము ఆ క్షణమున ఎచ్చట నున్నది, ఎటు వ్రాలియున్నది, కెమెరా ఎట్లు తూచబడినది యన్న వివరములు చిత్రముతోపాటు భద్రపరుపవలెను. అవి లేని చిత్రము టిప్పణము లేని సర్వే నంబరువంటిది. ఆ వివరములతో పాత చిత్రములన్నిటిని నేటి పద్ధతిలో మరల శోధించి, 1988 నాటి చిత్రముపై నేటి చిత్రమును పరచిన చెరువుకట్ట కట్టమీదనే పడునట్లు చేయవలెను. అమెరికావారు 1972నుండి చేరిన లాండ్‌శాట్ నిలువనంతను ఇట్లే మరల శోధించి 2020లో ప్రకటించిరి. అంతకుముందు, 2010నుండి, ఇతర దేశముల కేంద్రములలో నిలిచిపోయిన తమ చిత్రములను సయితము ఏరి తెచ్చుకొనగా వారి భాండారము రెట్టింపునకు మించినది.

చిత్రములు ఎవరికి అందుననుట తరువాతి ప్రశ్న. లాండ్‌శాట్ చిత్రమొక్కటి 600 డాలర్లకు అమ్మినకాలమున, మిక్కిలి గిరాకీ గల సంవత్సరమున 25 వేలు పోయినవి. 2008లో ఉచితము చేయగా ఒక్క యేటిలోనే పదిలక్షలు జనులు గైకొనిరి. మన దేశమున 2023 నాటి అంతరిక్ష విధానము ప్రకారము, 5 మీటర్లును అంతకంటె మోటైనవియునగు చిత్రములు అందరికి ఉచితము. భూనిధి యను ద్వారమునుండి వానిని పొందవచ్చును. ఇది మంచి మార్పు. ఐనను 5 మీటర్లకంటె సూక్ష్మమైనవి ప్రభుత్వశాఖలకు ఉచితము, ఇతరులకు వెలకు. భూమి తగవులలో ప్రభుత్వమొక పక్షము, రైతు ఒక పక్షము. సాక్ష్యము ఒకరికి ఊరక లభించి, మరొకరు కొనవలసివచ్చుట ఏ న్యాయస్థానపు మర్యాద? హైదరాబాదు చుట్టుపట్ల చెరువులు ప్లాట్లుగా మారిన కాలమునకు సరియైన సాక్షి కార్టోశాట్-1. దాని చిత్రములు ఈ వెల గల తరగతిలోనివి. పదియేండ్లు దాటిన చిత్రమున దేశరక్షణ రహస్యము గాని, వర్తకలాభము గాని పెద్దగ మిగులదు. అట్టివానిని అందరికి ఉచితముగ విడుదల చేయవలెనని మేము కోరుచున్నాము.

ఇక భూనిధి ద్వారము చదువుకొన్న ఇంజనీరునకు తెరచియున్నది గాని, మండల కార్యాలయము గడపలో నిలిచిన రైతునకు తెరచియున్నదని చెప్పజాలము. గ్రామము పేరు, సర్వే నంబరు తెలుగులో చెప్పిన, ఆ చోటి చిత్రములు సంవత్సరముల వారీగ అచ్చొత్తి, చుక్క ప్రమాణము, తీసిన తేదీ వేసి, ముద్రతో ఇచ్చు ఏర్పాటు కావలెను. నకలు రుసుము సామాన్యుడు ఇచ్చుకొనగలిగినంత యుండవలెను.

తరువాతి విస్తరణమునకు ధనము కోరునపుడు, అధికారులు క్రొత్త డిస్కుల సామర్థ్యముతోపాటు మరియొక పట్టికను ప్రకటింతురు గాక: 1979నుండి షాద్‌నగరు చేరిన టేపులెన్ని, వానిలో మరల చదివి చూచినవెన్ని, నేటి పద్ధతిలో శోధించినవెన్ని, చదువరానివెన్ని. వానిలో ఐ.ఆర్.ఎస్.-1ఏ తీసిన తొలి వేసవి చిత్రములకు మొదటి వరుసలో చోటీయవలెను.