శంషాబాద్ నుంచి సొంతూరికి: బండి మాట్లాడుకునే ముందు

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు డల్లాస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా ఇంటికొచ్చే దారి దాదాపు ఒక్కటే. శంషాబాద్‌లో దిగాలి, అక్కడి నుంచి రోడ్డు పట్టాలి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో ఈ రెండు జిల్లాల్లోంచి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వచ్చాయి. జిల్లాలు పెరిగాయి గానీ విమానం దిగే చోటు మాత్రం ఒక్కటీ రాలేదు. బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ పేరు, ఆదిలాబాద్‌లోని నిజాం కాలపు ఏరోడ్రోమ్ పేరు ఏళ్ల తరబడి వార్తల్లో నలుగుతూనే ఉన్నాయి. శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే సంస్థతో చేసుకున్న ఒప్పందంలో పాతికేళ్ల పాటు 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉంది. ఆ సంస్థ ఒప్పుకున్నాకే 2025లో వరంగల్ మామునూరుకు కేంద్రం అనుమతి దొరికింది.

కాబట్టి ఇంకొన్నాళ్లు మన ప్రయాణంలో చివరి అంచె కారులోనే. చిత్రమేమిటంటే, విమానం టికెట్ కోసం నెలల ముందు నుంచి ధరలు పోల్చి చూసేవాళ్లం, ఈ రెండు మూడు వందల కిలోమీటర్ల సంగతి మాత్రం బయలుదేరే ముందు రోజు బావమరిదికో తమ్ముడికో ఒక ఫోన్ కొట్టి వదిలేస్తాం. మొత్తం ప్రయాణంలో ప్రమాదం ఎక్కువ ఉన్నదీ, ఆలోచన తక్కువ పెట్టేదీ ఈ ముక్కలోనే.

ముంబై నుంచి శంషాబాద్ దాకా

1970ల నుంచి గల్ఫ్ బాట పట్టిన తొలి తరం చాలామంది బొంబాయి వెళ్లి విమానం ఎక్కినవాళ్లు. కొందరు జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి బస్సుల్లో పోయేవాళ్లు, కొందరు నిజామాబాద్ వచ్చి రైలెక్కేవాళ్లు. తర్వాత బేగంపేట నుంచి గల్ఫ్ విమానాలు పెరిగాక, ఒక్కణ్ని సాగనంపడానికి జీపు నిండా జనం కదిలేవాళ్లు. సుమోలు, క్వాలిస్‌లు, తూఫాన్‌లు ఎయిర్‌పోర్టు కిరాయిలకు పేరుపడ్డది అప్పుడే.

2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు మారాయి. కొత్త విమానాశ్రయం గొప్పదే గానీ ఉత్తర తెలంగాణవాళ్లకు మాత్రం దూరం పెరిగింది. బేగంపేటలో దిగితే సికింద్రాబాద్, అల్వాల్ మీదుగా నేరుగా కరీంనగర్ రోడ్డు ఎక్కేవాళ్లు. శంషాబాద్ నగరానికి దక్షిణపు కొసన ఉంది. ఉత్తరానికి పోవాల్సినవాళ్లు మొదట్లో హైదరాబాద్‌ను అడ్డంగా దాటాల్సి వచ్చేది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దశలవారీగా పూర్తయ్యాక ఆ బాధ తీరింది.

ఏ ఊరికి ఏ దారి

కరీంనగర్ వైపు పోయేవాళ్లు ఔటర్ మీద తూర్పు వైపు తిరిగి, పెద్ద అంబర్‌పేట, ఘట్‌కేసర్, కీసర దాటి, శామీర్‌పేట దగ్గర 7వ నంబరు ఎగ్జిట్‌లో దిగితే రాజీవ్ రహదారి ఎక్కుతారు. ప్రజ్ఞాపూర్, సిద్దిపేట మీదుగా కరీంనగర్. దారిలో దుద్దెడ, రేణికుంట టోల్ గేట్లు. మొత్తం దూరం రెండు వందల పది కిలోమీటర్ల దాకా వస్తుంది. పెద్దపల్లి, గోదావరిఖని, మంచిర్యాల వాళ్లకు అదే రోడ్డు ముందుకు సాగుతుంది, బసంత్‌నగర్ దగ్గర ఇంకో టోల్ తగులుతుంది. సిరిసిల్ల, వేములవాడ వాళ్లు సిద్దిపేటలో విడిపోతారు.

నిర్మల్, ఆదిలాబాద్ వాళ్లు ఔటర్ మీద పడమటి వైపు తిరిగి, పటాన్‌చెరు దాటి, మేడ్చల్ దగ్గర 6వ నంబరు ఎగ్జిట్‌లో 44వ జాతీయ రహదారి అందుకుంటారు. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఇది ఏడో నంబరు రోడ్డే. తూప్రాన్, కామారెడ్డి, ఆర్మూర్, సోన్ దగ్గర గోదావరి వంతెన, నిర్మల్, ఇచ్చోడ, గుడిహత్నూర్, ఆపైన ఆదిలాబాద్. తూప్రాన్, భిక్కనూర్, ఇందల్వాయి, గంజాల్, రోల్‌మామడ అని వరసగా టోల్ గేట్లు. మూడు వందల ముప్పై కిలోమీటర్ల దాకా పోవాలి.

మెట్‌పల్లి, కోరుట్ల వాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. అలవాటు కొద్దీ కరీంనగర్, జగిత్యాల మీదుగా చుట్టి వచ్చేకంటే 44వ రహదారిలో ఆర్మూర్ దాకా పోయి, 63వ జాతీయ రహదారిలోకి తిరగడం మెట్‌పల్లికి దగ్గర. డ్రైవర్ కరీంనగర్‌వాడైతే తనకు తెలిసిన దారినే పట్టుకుంటాడు, ముందే చెప్పాలి.

ఆదిలాబాద్ పట్టణం వాళ్లకు మరో వెసులుబాటు ఉంది. నాగపూర్ విమానాశ్రయం ఆదిలాబాద్‌కు రెండు వందల కిలోమీటర్ల లోపే. అక్కడి నుంచి దోహా, షార్జాలకు విమానాలు నడిచాయి. టికెట్ కొనేటప్పుడు ఆ వేళలు కూడా ఒకసారి చూడండి. కుదిరితే రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైగా మిగులుతుంది.

ఎన్ని రకాల బండ్లు

ఒంటరిగా, చిన్న సామానుతో వచ్చేవాళ్లకు ఆర్టీసీ పుష్పక్ బస్సు మంచిది. సికింద్రాబాద్ వైపు వచ్చి జేబీఎస్‌లో దిగితే కరీంనగర్‌కూ నిర్మల్‌కూ బస్సులుంటాయి. కుటుంబంతో వచ్చేవాళ్లకు మూడు దారులు. ఊరి నుంచి బండి పిలిపించుకోవడం ఒకటి. హైదరాబాద్ ట్రావెల్స్‌తో వన్‌వే మాట్లాడుకోవడం రెండోది. ఎయిర్‌పోర్టు టాక్సీనో, ఓలా, ఉబర్‌లలో ఔట్‌స్టేషన్ బండో తీసుకోవడం మూడోది. మూడో దాంట్లో ఒక చిక్కుంది. యాప్ పనిచేయాలంటే ఫోన్‌కు నెట్ ఉండాలి. ఎయిర్‌పోర్టు వైఫై ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ రావాలంటే చేతిలోని నంబరుకు ఇక్కడ సిగ్నల్ ఉండాలి. రోమింగ్ వేయించుకోనివాళ్లు అక్కడే చిక్కుకుపోతారు.

ఇంకో రకం బండి గురించి కూడా ప్రవాస సంఘాలవాళ్లు తెలుసుకుని ఉండాలి. గల్ఫ్‌లో కన్నుమూసినవారి మృతదేహాన్ని శంషాబాద్ నుంచి సొంతూరికి చేర్చడానికి రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా అంబులెన్సు ఏర్పాటు చేస్తుంది. సాధారణ పరిపాలన శాఖలోని ఎన్నారై విభాగానికి విమానం వివరాలు ముందే తెలియజేయాలి. ఆ సంగతి తెలియక, దుఃఖంలో ఉన్న కుటుంబం ప్రైవేటు బండికి అప్పు చేయకూడదు.

కిరాయి లెక్క

ఊరి బండి అంటే రానుపోను కిరాయి. కరీంనగర్‌లో బయలుదేరి, శంషాబాద్ వచ్చి, మళ్లీ కరీంనగర్ చేరేసరికి నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు. కిలోమీటరుకు పదిహేను రూపాయలు అనుకుంటే 6,300. డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ వేరే. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. తెలియనిది దీని వెనకాల ఉంది. చాలా ట్రావెల్స్ రోజుకు కనీసం 300 కిలోమీటర్ల లెక్క పెట్టుకుంటాయి. కొందరికి రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. బండి శనివారం రాత్రి బయలుదేరి ఆదివారం పొద్దున ఊరికి చేరితే, తిరిగింది 420 అయినా రెండు రోజుల కింద 600 కిలోమీటర్ల బిల్లు చేతికొస్తుంది. అంటే 9,000. అడగాల్సిన ప్రశ్న "కిలోమీటరుకు ఎంత?" ఒక్కటే సరిపోదు. "రోజు లెక్క ఎట్ల? మొత్తం కలిపి ఎంత?" అని అడిగి, ఆ జవాబును వాట్సాప్‌లో రాయించుకోవాలి.

2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల మీద ఫాస్టాగ్ తప్పనిసరి. ఫాస్టాగ్ లేని బండికి టోల్ ఎక్కువ పడుతుంది. ఆ భారం ఎవరిదో కూడా ముందే తేల్చుకుంటే టోల్ గేటు దగ్గర మాట తేడా రాదు.

రాత్రి రెండున్నర ఏ రోజుది?

గల్ఫ్ మీదుగా వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే దిగుతాయి. టికెట్ మీద ఆదివారం 2:40 అని ఉంటుంది. మన మాటల్లో అది శనివారం రాత్రి. ఇంట్లోవాళ్లు "ఆదివారం రాత్రి వస్తున్నరు" అని డ్రైవర్‌కు చెప్తారు. బండి ఇరవై నాలుగు గంటలు ఆలస్యంగా వస్తుంది. ఈ తిరకాసు రాకుండా డ్రైవర్‌కు పంపే మెసేజ్ ఇట్లా ఉండాలి:

"అన్నా, ఆదివారం తెల్లారుజామున 2:40కి దిగుతం. అంటే మీరు శనివారం రాత్రికే వచ్చి ఉండాలె. సామాను తీసుకొని బయటికి వచ్చేసరికి నాలుగు అయితది. పెద్దోళ్లం ఇద్దరం, పిల్లలు ఇద్దరు. పెద్ద పెట్టెలు ఎనిమిది, చేతి సంచులు నాలుగు. విమానం నంబరు పంపుతున్న, దిగంగనే మెసేజ్ పెడత."

డ్రైవర్ చదివి "సరే అన్నా, శనివారం రాత్రి" అని తిరిగి రాసిందాకా ఆ పని అయినట్టు కాదు.

పెట్టెలు, ప్లేటు, పైసలు

అమెరికా నుంచి మనిషికి రెండు పెట్టెల చొప్పున తెచ్చుకునే కుటుంబాలు ఎక్కువ. నలుగురికి ఎనిమిది పెట్టెలు. ఇన్నోవా అంటే పెద్ద బండి కదా అనుకుంటాం గానీ, వెనక వరస సీటు లేపి ఉంచితే డిక్కీలో రెండు మూడు పెట్టెలకు మించి పట్టవు. ఆ వరస మడిచి, పైన క్యారియర్ ఉండి, దానికి తాడూ వానాకాలంలో టార్పాలిన్ కూడా ఉంటేనే అన్నీ ఎక్కుతాయి. ఎర్టిగా అయితే సామాను సగానికి తగ్గాల్సిందే.

నంబరు ప్లేటు ఫోటో అడగడానికి మొహమాటపడకండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ బండి, తెల్ల ప్లేటు సొంత బండి. ఎలక్ట్రిక్ టాక్సీ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు బండి కాస్త చౌకగా దొరుకుతుంది, కానీ కిరాయికి తిప్పే పర్మిట్ దానికి ఉండదు. జరగరానిది జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టేది అక్కడే. వెనక సీటు బెల్టులు కూడా చూడండి. చాలా టాక్సీల్లో అవి సీటు కవర్ కింద దాగి ఉంటాయి. బయలుదేరే ముందే బయటికి తీయించండి. పిల్లల సీటు ఇక్కడి బండ్లలో దొరకదు, వెంట తెచ్చుకోవడమే మేలు.

డబ్బుల విషయానికొస్తే, అమెరికా, బ్రిటన్, సౌదీ, ఎమిరేట్స్, ఖతార్ వంటి పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్నారై ఖాతాలను యూపీఐకి కలుపుకోవచ్చని 2023లో అనుమతి వచ్చింది. మీ బ్యాంకు ఆ సౌకర్యం ఇస్తుందో లేదో అక్కడున్నప్పుడే చూసుకోండి. అది కుదరకపోతే ఇంట్లోవాళ్లతో డ్రైవర్‌కు ముందుగా కొంత వేయించండి.

డ్రైవర్ నిద్ర

ఇక అసలు సంగతి. కరీంనగర్‌లో మన డ్రైవర్ కుర్రాడు శనివారం పొద్దున ఆరింటికి లేచాడనుకుందాం. పగలు ధర్మపురికో వేములవాడకో ఒక కిరాయి కొట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చి, తిని, పదింటికి మన కోసం బయలుదేరాడు. రెండింటికి శంషాబాద్ చేరాడు. పార్కింగ్‌లో దోమల మధ్య సీటు వాల్చుకుని కునుకు పట్టేలోపు మన మెసేజ్. నాలుగున్నరకు పెట్టెలు ఎక్కించి, ఔటర్ మీద గంటకు వంద దాటి పోతున్నప్పటికి అతడు మేల్కొని ఇరవై రెండు గంటలు దాటింది. తెల్లవారుజామున కన్ను దానంతటదే మూతపడే వేళ అది. వెనక మనం జెట్‌లాగ్‌లో నిద్రపోతుంటాం, మాట కలిపేవాళ్లు కూడా ఉండరు. ఆదిలాబాద్ డ్రైవర్‌కైతే రానుపోను ఆరు వందల అరవై కిలోమీటర్లు దాటిపోతుంది.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్ పనిని రోజుకు ఎనిమిది గంటలకు పరిమితం చేసింది. ఐదు గంటలు పని చేస్తే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. కిస్తీలు కట్టుకుంటూ సొంత బండి నడుపుకునే మన ఊరి పిల్లగానికి ఆ గంటలు లెక్కపెట్టేవాళ్లు ఎవరూ లేరు. బండి పిలిపించుకున్నవాళ్లమే లెక్కపెట్టాలి.

ఇందుకు చేయగలిగినవి పెద్ద కష్టమైనవేం కాదు. రాత్రి విమానమైతే ఊరి బండికి బదులు హైదరాబాద్ బండి వన్‌వే మాట్లాడుకుంటే డ్రైవర్‌కు ఒక వైపు నడపడం తగ్గుతుంది. ఊరి బండే కావాలంటే సాయంత్రానికల్లా రప్పించి, శంషాబాద్‌లో ఒక గది ఇప్పించి పడుకోనివ్వచ్చు. ఎమిరేట్స్‌లోనో అమెరికాలోనో ఒక పూట భోజనానికి పెట్టే డబ్బుతో అది అయిపోతుంది. బంధువులు హైదరాబాద్‌లో ఉంటే వాళ్లింట్లో తెల్లారేదాకా ఆగి, నాష్టా చేసి బయలుదేరవచ్చు. ఇంటి దగ్గర అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది నిజమే, మధ్యాహ్నం అన్నం వేళకు చేరితే ఆమె ఏమీ అనుకోదు. దారిలో సిద్దిపేట దగ్గరో కామారెడ్డి దగ్గరో చాయ్ కోసం ఆగుదామని డ్రైవర్ అడిగేదాకా చూడకుండా మనమే అడగాలి. ముందు సీట్లో నిద్ర రాని మనిషి ఒకరు కూర్చోవాలి.

టికెట్ కొన్న రోజే డ్రైవర్‌కు ఫోన్ చేయండి. రేటు బేరమాడండి, తప్పులేదు. అది తేలాక ఇంకో మాట చెప్పండి: "తమ్మీ, ఆ శనివారం పగలు వేరే కిరాయి ఒప్పుకోకు, ఇంట్ల పడుకో. ఆ పగటి పైసలు కూడా నేనే ఇస్త."